పదకొండేళ్లు సమాధి దొరకని రాకుమారి

1625 ఫిబ్రవరి 6వ తేదీన పోలండ్ ఉత్తర భాగంలోని బ్రొద్నిత్సా అనే చిన్న పట్నంలో యాభై ఆరేళ్ల ఒక స్త్రీ కన్నుమూసింది. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. అలాగని దిక్కులేని మనిషి కాదు. తండ్రి స్వీడన్‌ను ఏలిన రాజు. తల్లి పోలండ్ రాజవంశపు ఆడపడుచు. తోడబుట్టిన అన్నయ్య అప్పటికి ముప్పై ఏడేళ్లుగా పోలండ్ సింహాసనం మీద ఉన్నాడు. తల్లి తరపు తాతముత్తాతలు క్రాకోవ్ నగరంలో వావెల్ కొండ మీది పెద్ద దేవాలయంలో నిద్రిస్తున్నారు. న్యాయంగా అయితే ఆమెను కూడా అక్కడికే తీసుకెళ్లి తనవాళ్ల పక్కన పడుకోబెట్టాలి.

అలా జరగలేదు. ఆమె లూథరన్ విశ్వాసి. కేథలిక్కులు కానివారికి ఆ సమాధుల మధ్య చోటు లేదు. రోము నుంచి అనుమతి రాలేదు. రాజు సొంత చెల్లెలి శవపేటిక భూస్థాపన లేకుండా పదకొండేళ్లు అలాగే ఉండిపోయింది.

ఆమె పేరు ఆన్నా వాసా. పేరు విని మన 'అన్న' అనుకోవద్దు. లూకా సువార్తలో దేవాలయాన్ని విడిచి వెళ్లకుండా ఉపవాస ప్రార్థనలతో దేవుని సేవించిన వృద్ధ ప్రవక్త్రి ఉంది కదా, ఆమె పేరే ఈమెకూ పెట్టారు. అయితే ఈ ఆన్నా కథలో మన 'అన్న' కూడా తక్కువవాడేమీ కాదు. ఒకే తల్లి ఒడిలో ప్రార్థన నేర్చుకుని, పెద్దయ్యాక వేర్వేరు బల్లల దగ్గర రొట్టె తీసుకున్న అన్నాచెల్లెళ్ల కథ ఇది.

కథ తల్లి దగ్గర మొదలు పెట్టాలి. కేథరిన్ యాగెలొన్ పోలండ్ రాజు మొదటి సిగిస్మండ్ కూతురు. 1562లో విల్నియస్ నగరంలో స్వీడన్ రాకుమారుడు యోహాన్‌ను పెళ్లాడింది. అప్పటికి ఆమెకు ముప్పై అయిదేళ్లు. పెళ్లికొడుకు ఆమె కంటే పదకొండేళ్లు చిన్నవాడు. ఆమె కేథలిక్కు, అతను లూథరన్. మరుసటి ఏడే యోహాన్ మీద అతని అన్న, అప్పటి రాజు పద్నాలుగో ఎరిక్ రాజద్రోహం మోపి గ్రిప్స్‌హోమ్ కోటలో బంధించాడు. భర్తతో పాటు చెరకు వెళ్లనక్కర్లేదు, వేరేచోట హాయిగా ఉండవచ్చని రాజు మనిషి ఒకడు కేథరిన్‌కు చెప్పాడట. ఆమె బదులు చెప్పకుండా వేలికున్న పెళ్లి ఉంగరం చూపిందట. దాని మీద లాటిన్‌లో మూడే మాటలు చెక్కి ఉన్నాయని చెబుతారు. మరణం తప్ప మరెవరూ కాదు అని వాటి భావం. అంటే, మమ్మల్ని విడదీయగలిగేది చావు ఒక్కటేనని.

ఉంగరం సంగతి తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్న ముచ్చట. కానీ ఆమె చెరలో గడిపిన నాలుగేళ్లు ముచ్చట కాదు. అక్కడే ఇద్దరు బిడ్డలను కన్నది. పెద్దమ్మాయి పసితనంలోనే పోయింది. 1566లో పుట్టిన కొడుకు సిగిస్మండ్ బతికాడు. కేథరిన్‌ను తనకు అప్పగించమని రష్యా జారు ఇవాన్ ఎరిక్‌తో బేరమాడుతున్న రోజులవి. చరిత్రలో భయంకరుడని పేరు మోసిన ఇవాన్ ఇతనే. ఏ పూట ఏ కబురు వినవలసి వస్తుందో తెలియని బతుకు. 1567లో విడుదలయ్యారు. మరుసటి ఏడు మే 17న ఎస్కిల్స్తూనా కోటలో ఆన్నా పుట్టింది. ఆ ఏడాది చివరికల్లా తండ్రి తన అన్నను దించి రాజయ్యాడు. మూడో యోహాన్ అంటే అతనే.

అలా చెరసాల నుంచి రాజభవనానికి వచ్చిన ఇంట్లో పిల్లలిద్దరూ పెరిగారు. బయట దేశమంతా లూథరన్. వాళ్ల తాత గుస్టావ్ వాసా నాటి నుంచే స్వీడన్ సంఘం రోముకు దూరమైంది. లోపల మాత్రం తల్లి తన కేథలిక్ గురువులను దగ్గర పెట్టుకుంది. పిల్లలను తన విశ్వాసంలోనే పెంచింది. ఇక తండ్రి ఎటూ కాని మనిషి. వేదాంత గ్రంథాలు చదివే అలవాటున్న ఆ రాజు రెండు సంఘాలనూ కలపవచ్చని ఆశపడి సొంతంగా ఒక ఆరాధనక్రమం తయారు చేయించాడు. అట్ట రంగును బట్టి జనం దాన్ని 'ఎర్ర పుస్తకం' అన్నారు. అది లూథరన్లకూ రుచించలేదు, రోముకూ సరిపోలేదు. యేసు సభకు చెందిన పొస్సెవీనో అనే గురువు పోపు తరపున స్టాక్‌హోమ్ వచ్చి మంతనాలాడాడు. చివరికి ఏదీ తేలలేదు. రాజు అడిగిన సడలింపులకు రోము ఒప్పుకోలేదు.

1583 సెప్టెంబరులో కేథరిన్ చనిపోయింది. ఆన్నాకు పదిహేనేళ్లు.

ఆ మరణశయ్య దగ్గర జరిగిందంటూ ఒక కథ ప్రచారంలో ఉంది. ఉత్తరించు స్థలంలో తన ఆత్మ పడబోయే బాధను తలచుకుని రాణి భయపడుతోందట. ఆమెను ఓదార్చాలని గురువు ఒకాయన, అమ్మా, ఆ మాట మామూలు జనం కోసం చెప్పేది, మీరు దిగులు పడకండి అన్నాడట. పక్కనే ఉన్న ఆన్నా అది విని అవాక్కయిందట. ఆ రోజే ఆమె మనసు ఆ బోధ నుంచి మళ్లిపోయిందట. ప్రొటెస్టంట్లు ఈ కథను ఇష్టంగా చెప్పుకుంటూ వచ్చారు. నేను మాత్రం దీని మీద ఎక్కువ బరువు పెట్టను. ఎదుటి సంఘం వాళ్లను తేలిక చేసే కథలు ప్రతి సంఘంలోనూ ఉంటాయి. వాటిని కాస్త దూరంగా పట్టుకుని చూడాలి. ఒక మనిషి విశ్వాసం ఒక్క మాటతో మారిపోతే, మరో మాటతో మళ్లీ మారాలి. ఆన్నా అలా మారలేదు. తల్లి పోయిన కొద్దికాలానికే లూథరన్ విశ్వాసాన్ని స్వీకరించింది. ఆ తరువాత నలభై ఏళ్లు ఎందరు నచ్చజెప్పినా, ఎన్ని అవకాశాలు చేజారినా అందులోనే నిలబడింది.

సిగిస్మండ్ తల్లి విశ్వాసాన్ని వదల్లేదు. అతనిదీ పట్టుదలే. లూథరన్ దేశానికి రాజు కావలసినవాడు కేథలిక్కుగా ఉండిపోతే నష్టం అతనికే కదా. అయినా ఉన్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఇద్దరూ మనస్సాక్షి మాట విన్నవాళ్లే. ఒక ఇంటివాళ్లు ఒకరికొకరు ఎదురు నిలుస్తారని ప్రభువు చెప్పినప్పుడు మనం తగవులాడుకునే కుటుంబాన్నే ఊహించుకుంటాం. ఒకరినొకరు ప్రేమించుకునే కుటుంబంలో అది జరిగితే నొప్పి ఇంకా ఎక్కువ.

1587లో పోలండ్ ప్రభువర్గం సిగిస్మండ్‌ను రాజుగా ఎన్నుకుంది. అక్కడ రాజును ఎన్నుకోవడం ఆనవాయితీ. అతను యాగెలొన్ల రక్తం అన్నది పెద్ద బలమైంది. కేథరిన్ అక్క, అంటే పిల్లలకు పెద్దమ్మ, పోలండ్ రాణిగా ఉండి భర్తను పోగొట్టుకున్న ఆన్నా యాగెలొన్ మేనమామలా వెనక నిలబడి అతన్ని గెలిపించింది. ఇరవై ఒక్కేళ్ల రాజు ఓడెక్కి బయలుదేరితే పంతొమ్మిదేళ్ల చెల్లెలు కూడా వెంట వెళ్లింది.

అప్పటి పోలండ్‌ను కొంచెం తెలుసుకోవాలి. ఫ్రాన్సులో, జర్మనీలో మతం పేర నెత్తురు పారుతున్న ఆ శతాబ్దంలో పోలండ్ ప్రభువులు 1573లో వార్సాలో కూడి, విశ్వాస భేదాల కోసం ఒకరి రక్తం ఒకరు చిందించబోమని ఒడంబడిక చేసుకున్నారు. ఆ మాటను నిలబెడతామని కొత్త రాజులు ప్రమాణం చేయాలి. ప్రభువర్గంలో చాలామంది లూథర్, కాల్విన్ బోధలను అనుసరించిన కాలమది. కానీ ఆన్నా వచ్చేసరికి గాలి మారుతోంది. యేసు సభ గురువులు ఊరూరా మంచి పాఠశాలలు పెట్టారు. ప్రభువుల పిల్లలు వాటిలో చదువుకుని కేథలిక్కులై తిరిగి వస్తున్నారు. క్రాకోవ్‌లోని ప్రొటెస్టంట్ల ప్రార్థనాలయాన్ని అల్లరిమూకలు పదే పదే పాడుచేసి, 1591లో పూర్తిగా నాశనం చేశాయి. ఒడంబడిక కాగితం మీద ఉంది. వీధిలో దాన్ని కాపాడేవారు తగ్గిపోయారు.

అలాంటి నగరంలో, వావెల్ కోటలోని తన గదుల్లో ఆన్నా లూథరన్ ఆరాధన జరిపించుకుంది. పోలండ్ రాజుల పట్టాభిషేకాలు జరిగే దేవాలయం అక్కడికి నాలుగడుగుల దూరం. ఆస్థాన ప్రసంగీకుడు ప్యోత్ర్ స్కార్గా సామాన్యుడు కాదు. అతని మాట కోసం జనం ఎదురుచూసేవారు. అతను రాసిన పునీతుల చరిత్ర ఇంటింటా చదివేవారు. అలాంటివాళ్ల మధ్య రాజు చెల్లెలు తలుపు వేసుకుని తన భాషలో కీర్తనలు పాడుకోవడం ఎంత గొడవైందో ఊహించుకోవచ్చు. పోపు రాయబారులు నొచ్చుకున్నారు. పెద్దమ్మ భక్తిగల కేథలిక్కు, ఆమెకూ బాధే. సిగిస్మండ్‌కు కూడా చెల్లెలు తన విశ్వాసంలోకి తిరిగి వస్తే అంతకంటే సంతోషం లేదు. కానీ బలవంతం చేయలేదు. ఆమె గదుల తలుపు మూయించలేదు. ఆమె బోధకుణ్ణి వెళ్లగొట్టలేదు. తన రాజ్యంలో పదవులన్నీ కేథలిక్కులకు కట్టబెడుతూ ప్రొటెస్టంట్లను నెమ్మదిగా పక్కకు నెట్టిన రాజే ఇతను. తన ఇంట్లో మాత్రం చెల్లెలి ప్రార్థనకు కాపలా కాశాడు. మనుషులు ఇలాగే ఉంటారు, ఒక్క కొలతకు దొరకరు.

1589లో తండ్రి కొడుకును చూడటానికి తాలిన్ వరకు వచ్చినప్పుడు ఆన్నా అతనితో స్వీడన్ వెళ్లిపోయింది. 1592లో అన్నయ్య పెళ్లికి మళ్లీ వచ్చింది. ఆ నవంబరులో తండ్రి చనిపోయాడు. ఇప్పుడు సిగిస్మండ్ రెండు దేశాల రాజు. స్వీడన్ కిరీటం పెట్టుకోవడానికి 1593లో చెల్లెలితో సహా సముద్రం దాటాడు.

అక్కడికి వెళ్లేసరికి ఇద్దరి స్థానాలూ తారుమారయ్యాయి. క్రాకోవ్‌లో ఆన్నా పరాయిది, అన్నయ్య సొంత మనిషి. స్వీడన్‌లో ఆన్నా పదిమందిలో ఒకతె, అన్నయ్యే వేరైనవాడు. అతను రాకముందే ఉప్సలాలో జరిగిన సభ లూథరన్ విశ్వాస ప్రమాణాన్ని దేశమంతటికీ స్థిరపరచి, కేథలిక్ ఆరాధనకు బహిరంగంగా తావు లేదని తేల్చింది. పోపు రాయబారి రాజు వెంటే వచ్చాడు. అయినా 1594లో లూథరన్ బిషప్ చేతుల మీదుగానే కిరీటం పెట్టించుకోవలసి వచ్చింది. క్రాకోవ్‌లో ప్రార్థనాలయం పాడుచేసిన మూకను చూసి బాధపడే మనం, ఉప్సలాలో రాజుకు తన దేశంలో తన పద్ధతిలో బలిపూజ జరుపుకోవడానికే అడ్డుపడిన సంగతి మరిచిపోకూడదు. తరువాత 1617లో ఒరెబ్రోలో చేసిన శాసనం ఇంకా కఠినం. కేథలిక్ మతం పుచ్చుకున్న స్వీడన్ వాసికి వారసత్వ హక్కు లేదు, దేశంలో చోటు లేదు. మనవాళ్లు అధికారంలో ఉన్నప్పుడు రాసిన చట్టాలు కూడా మన చరిత్రే.

సిగిస్మండ్ తిరిగి పోలండ్ వెళ్లాక ఆన్నా కొన్నేళ్లు స్వీడన్‌లోనే ఉంది. ఈలోగా వాళ్ల బాబాయి, తండ్రి చిన్న తమ్ముడు కార్ల్, దేశాన్ని తన గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు. లూథరన్ విశ్వాసాన్ని కాపాడేది నేనేనని జనాన్ని కూడగట్టాడు. 1598లో సిగిస్మండ్ సైన్యంతో వచ్చాడు. సెప్టెంబరు 25న లింషోపింగ్ దగ్గర స్తోంగెబ్రో పోరులో ఓడిపోయాడు. మరుసటి ఏడు అతన్ని పదవి నుంచి తొలగించారు.

ఆన్నా జీవితంలో నన్ను ఎక్కువగా ఆపి ఆలోచింపజేసింది ఈ ఘట్టమే. ముప్పై ఏళ్ల మనిషి. ఒకవైపు తన విశ్వాసమే తన జెండా అంటున్న బాబాయి, పుట్టిన దేశం, తన భాష, చిన్ననాటి నుంచి ఎరిగిన మనుషులు. ఆ పక్క నిలబడితే ఎవరూ తప్పు పట్టరు. సత్యం పక్షాన నిలిచిందని సంఘమంతా మెచ్చుకుంటుంది కూడా. ఇంకోవైపు ఓడిపోయిన కేథలిక్ అన్నయ్య. ఆమె ఓడెక్కి అన్నయ్యతో వెళ్లిపోయింది. స్వీడన్ మళ్లీ చూడలేదు. సత్యం కోసం అని చెప్పి బాబాయి చేస్తున్నది సింహాసనం కోసమని ఆమెకు అర్థమై ఉండాలి. రెండేళ్లు తిరక్కుండానే, 1600 మార్చిలో, అదే లింషోపింగ్ బజారులో సిగిస్మండ్ పక్షం వహించిన అయిదుగురు ప్రభువులను కార్ల్ తల నరికించాడు. ప్రాణం పోయినవాళ్లు లూథరన్లే, తీసినవాడూ లూథరనే.

పోలండ్‌కు తిరిగి వచ్చాక ఆమెకు ఒక ఇల్లు కావాలి. కోటలో గొడవలు లేకుండా తన ఆరాధన తాను చేసుకునే చోటు కావాలి. 1600 తరువాతి తొలి దశాబ్దంలో రాజు ఆమెకు బ్రొద్నిత్సా ఇచ్చాడు, కొన్నేళ్లకు గోలుబ్ కూడా కలిపాడు. రెండూ ద్ర్వెంత్సా నది ఒడ్డున ఉన్న ఊళ్లే. రాజు భూములను అప్పగించి, వాటి ఆదాయాన్ని అనుభవిస్తూ పాలన, న్యాయం చూసుకోమనే పదవి ఇది. అక్కడి భాషలో స్తారొస్తా అంటారు. మన జమీందారీకి కాస్త దగ్గర. ఆ ప్రాంతంలో జర్మన్ మాట్లాడే లూథరన్లు చాలామంది ఉండేవారు. అక్కడికి దగ్గరలోని తోరున్ నగరానికి లూథరన్ ఆరాధన జరుపుకునే హక్కు 1557 నుంచే రాజముద్రతో ఉంది. చెల్లెలికి ఎక్కడ ఊపిరాడుతుందో అన్నయ్య చూసి మరీ ఇచ్చినట్టుంది.

పాత కోటను ఆమె చక్కటి భవనంగా మార్చింది. గోలుబ్ కోట పైకప్పు చుట్టూ ఉన్న అందమైన గోడ ఆమె కట్టించిందే, నేటికీ చూడవచ్చు. చుట్టుపక్కల ప్రొటెస్టంట్లకు ఆమె కొలువు ఒక ఆశ్రయమైంది. కార్ల్‌కు భయపడి దేశం వదిలిన స్వీడన్ వాళ్లూ వచ్చి చేరారు. ఆమె పెళ్లి గురించి యూరప్ రాజకుటుంబాల మధ్య రాయబారాలు చాలానే నడిచాయి. కేథలిక్ వరుడైతే ఆమె విశ్వాసం అడ్డు, లూథరన్ వరుడైతే రాజకీయం అడ్డు. స్వీడన్ ప్రభువు గుస్టావ్ బ్రాహే మీద ఆమెకు మనసుండేదని చెప్పుకునేవారు. ఏదీ పెళ్లి దాకా రాలేదు.

ఆమె మనసు నిలిచింది మొక్కల మీద. కోట దగ్గర ఔషధ మొక్కల తోట వేసింది. మందులు నూరించే సొంత గది పెట్టుకుంది. మందుల మీద ఆమెకున్న జ్ఞానం ఊరికే రాకుమారి సరదా కాదు. హిజ్కియా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని యెషయా చెప్పిన సంగతి మనం రాజుల గ్రంథంలో చదువుతాం. దేవుడు బాగుచేస్తానన్నాక కూడా ప్రవక్త పండ్ల ముద్ద అడగడం గమనించాలి. ఆన్నా కాలంలో వైద్యం అంటే ఎక్కువగా అదే, ఆకు, వేరు, బెరడు.

క్రాకోవ్ విద్యాపీఠంలో సిమోన్ సిరేనియుస్ అనే ఆచార్యుడు ఉండేవాడు. పోలిష్ భాషలో, మామూలు జనానికి అర్థమయ్యేలా, మొక్కల మీద ఒక మహా గ్రంథం రాశాడు. ఏ మొక్క ఎక్కడ పెరుగుతుంది, ఎప్పుడు కోయాలి, ఏ జబ్బుకు ఎలా వాడాలి అని 765 మొక్కల గురించి వివరంగా చెప్పాడు. వైద్యుణ్ణి పిలిపించుకునే స్తోమత లేని పల్లెటూరి ఇంటికి పనికొచ్చే పుస్తకం. అందులో వంటింటి సంగతులు కూడా ఉన్నాయి. పొలం గట్ల మీద పెరిగే ఒక ఆకుతో అక్కడివాళ్లు పుల్లటి చారు కాచుకునేవారు. దాన్ని కోడిమాంసం, గుడ్లు, మీగడ వేసి ఎలా రుచిగా చేస్తారో రాశాడు. చదువుతుంటే మన గోంగూర గుర్తుకు రాకుండా ఉండదు.

అంత పుస్తకం అచ్చు వేయాలంటే బోలెడు డబ్బు కావాలి. సిరేనియుస్ దాన్ని అచ్చులో చూడకుండానే 1611లో చనిపోయాడు. అతని తోటి ఆచార్యుడు గాబ్రియేల్ యొవన్నీత్సి పని భుజాన వేసుకున్నాడు. ఖర్చు ఆన్నా పెట్టుకుంది. 1613లో క్రాకోవ్‌లో పుస్తకం వెలువడింది, పదిహేను వందలకు పైగా పేజీలు. కేథలిక్ నగరం, కేథలిక్ విద్యాపీఠం, కేథలిక్ పండితుడు, డబ్బిచ్చింది లూథరన్ స్త్రీ. జబ్బు పడ్డవాడికి ఆ లెక్కతో పనిలేదు. దాదాపు రెండు వందల ఏళ్లు పోలండ్‌లో ఆ పుస్తకాన్ని తిరగేస్తూనే ఉన్నారు.

విశ్వాసం కోసం ఆమె ఏం చేసిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్ద కార్యాలు లేవు. ప్రసంగాలు చేయలేదు, వాదాలకు దిగలేదు, హతసాక్షి కాలేదు. వారం తరువాత వారం తన ఆరాధనకు వెళ్లింది. పండుగలకు అన్నయ్య ఇంటికి వెళ్లింది. మళ్లీ తన ఆరాధనకు వచ్చింది. నలభై ఏళ్లు. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే తల్లుల్లో ఇలాంటివాళ్లే ఎక్కువ కదా.

1625లో చావు వచ్చింది. అన్నయ్య రాజే అయినా ఆమెకు సమాధి ఇవ్వలేకపోయాడు. వావెల్‌లో పెట్టడానికి అనుమతి లేదు. ఎక్కడో ఒక లూథరన్ దేవాలయపు మూలన రాజరికపు మర్యాద లేకుండా పాతిపెట్టించడానికి మనసు ఒప్పుకోలేదు. పేటిక బ్రొద్నిత్సాలోనే ఆగింది. శారాను పాతిపెట్టడానికి అబ్రాహాము హేతు కుమారుల ముందు నిలబడి, నేను మీ మధ్య పరదేశిని, నాకు కాస్త స్థలం ఇవ్వండని అడిగిన సంగతి గుర్తొస్తుంది. ఇక్కడ అడిగినవాడు ఆ దేశానికి రాజు. అయినా స్థలం దొరకలేదు. సమాధుల తోటలో చోటు గురించిన పేచీలు మన ఊళ్లకూ కొత్త కాదు. ఒకే ఇంటి మనుషుల్ని రెండు తోటల్లో పెట్టి వచ్చినవాళ్లకు ఆ బాధ తెలుసు.

పేటిక అక్కడ ఉండగానే ఇంకో చిత్రం జరిగింది. బాబాయి కార్ల్ కొడుకు, ఆన్నాకు తమ్ముడి వరుసైన గుస్టావ్ అడాల్ఫ్, అప్పటికి స్వీడన్ రాజు. ప్రొటెస్టంట్ చరిత్రలో పెద్ద పేరున్న వీరుడు. సిగిస్మండ్ మీద యుద్ధానికి వచ్చి 1628లో బ్రొద్నిత్సాను పట్టుకున్నాడు. లూథరన్ సైన్యం, లూథరన్ రాజు, సొంత రక్తం. అయినా ఆమెకు సమాధి అక్కరకు రాలేదు. సైన్యాలు వచ్చాయి, వెళ్లాయి. 1632లో సిగిస్మండ్ కూడా చనిపోయాడు. అతన్ని వావెల్‌లో పెట్టారు. చెల్లెలు ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఐగుప్తులో పేటికలో ఉంచిన యోసేపు ఎముకలకైనా, తీసుకెళ్తామని సహోదరుల ప్రమాణం ఉంది.

ప్రమాణం లేకపోయినా మేనల్లుడు వచ్చాడు. సిగిస్మండ్ తరువాత రాజైన వ్లాదిస్లావ్ ఆ పని పూర్తి చేశాడు. అతనూ కేథలిక్కే. 1636లో మేనత్త శవపేటికను తోరున్ నగరానికి రప్పించి, అప్పటికి లూథరన్ల చేతుల్లో ఉన్న కన్య మరియ దేవాలయంలో రాకుమారికి తగిన గౌరవంతో భూస్థాపన చేయించాడు. ఆమె కోసం ప్రత్యేకంగా చిన్న సమాధి మందిరం కట్టించాడు. అందులో ఆమె పడుకుని ఉన్నట్టుగా తెల్లరాతి ప్రతిమ ఉంది. తొమ్మిదేళ్ల తరువాత, 1645లో, కేథలిక్ లూథరన్ కాల్వినిస్టు పండితులను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలని ఇదే రాజు సభ పిలిచింది కూడా తోరున్‌కే. ఆ సభ ఫలించలేదు, మాటలు తగవులై ముగిశాయి. మేనత్త భూస్థాపన మాత్రం జరిగింది.

గోలుబ్ కోటలో తెల్లచీర కట్టుకున్న ఆమె ఆత్మ తిరుగుతుందని ఇప్పటికీ యాత్రికులకు కథలు చెబుతారు. ఉత్తరించు స్థలాన్నే నమ్మని మనిషి వింటే నవ్వుకునేది.

తోరున్ కథ అక్కడితో ఆగలేదు. 1724లో ఒక ఊరేగింపు దగ్గర మొదలైన గొడవలో లూథరన్ గుంపు యేసు సభవారి కళాశాల మీద పడి ధ్వంసం చేసింది. దానికి శిక్షగా లూథరన్ నగర పెద్దనూ, మరికొందరినీ ఆ డిసెంబరులో తల నరికి చంపారు. కన్య మరియ దేవాలయాన్ని లూథరన్ల నుంచి తీసుకుని కేథలిక్కులకు అప్పగించారు. అందులో ఉన్న లూథరన్ రాకుమారి సమాధిని ఎవరూ కదపలేదు.

ఇవాళ ఆ దేవాలయంలో కేథలిక్కుల పూజ జరుగుతుంది. ఆన్నా అక్కడే ఉంది. సముద్రానికి అవతల ఉప్సలాలో స్వీడన్ లూథరన్ల ప్రధాన దేవాలయం ఉంది. అక్కడ ప్రతి ఆదివారం లూథరన్ ఆరాధన జరుగుతుంది. ఆ గోడల మధ్య ఒక పక్క మందిరంలో, భర్త దేశంలో, ఆన్నా తల్లి కేథలిక్ రాణి కేథరిన్ సమాధి ఉంది.